విన్ననాటి మైల

కింద అట్టపెట్టెల మిషను మొదలయ్యేలోపలే పైన ఇంట్లోవాళ్ళు మాట్లాడుకోవలసినవన్నీ మాట్లాడేసుకోవాలి. అది మొదలైందంటే మెడ్రాసు చూలైలోని ఆ మేడ మీద ఎవరేమన్నా రెండోసారి అరిచి చెప్పాల్సిందే. అందుకే ఆ ఇంట్లో గొడవలన్నీ పొద్దున కాఫీల వేళకే పుట్టేవి. చేతిలో గిన్నె దించకుండానే వాటిని సర్దే పని మంగ మీద పడేది.

ఆ రోజూ అంతే. ఆ మిషను సొంతదారు, మంగ మొగుడు కోటిలింగం గ్లాసు ఎత్తాడో లేదో, కూతురు ఆశ ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. వచ్చే వారం పీటల మీద కూర్చోవలసిన పిల్ల. సరిగా నిద్రపోయినట్టు లేదు.

"అప్పా, ఎన్నూరులో ఒక తాత దొరికినాడు. పేరు దొరస్వామి. మన తాతతోబాటు ఆర్మీలో లారీ తోలినాడంట. ఇద్దర్నీ ఒకేచోట పట్టుకున్నారంట. ఇప్పుడే వాళ్ళ కోడలు షీబా ఫోన్ చేసింది, వచ్చి మాట్లాడమని."

కోటిలింగం గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. "మండపానికి పోవాల, వంటోళ్ళకు చెప్పాల, ఇంకా సగం మందిని పిలవలా. ఈ సందట్లో నీకు ఆ మనిషి గావాల్సొచ్చినాడా?"

"ఆ మనిషి ఏందప్పా? మీ నాయిన!"

"నాకు నాయిన లేడు. మా అమ్మ ఒక్కతే పెంచింది నన్ను. చాలా?"

హాల్లో మంచం మీద నుంచి దమయంతమ్మ గొంతు వినిపించింది. "ఏందిరా కోటీ, పొద్దున్నే అరుపులు?"

"ఏం లేదమ్మా. మండపం సంగతి," అన్నాడు కోటిలింగం, గొంతు తగ్గించి.

ఆ "ఏం లేదమ్మా" వయసు అరవై ఏళ్ళ పైమాటే. కోటిలింగం తండ్రి దామోదరం హార్బరుకీ చూలైకీ మధ్య సరుకు లారీ తోలేవాడు. ఇంట్లో ఏదో మాటా మాటా వచ్చి పటాలంలో చేరిపోయాడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి సెలవు మీద వచ్చి వెళ్ళాడు. ఆ చలికాలమే చైనాతో యుద్ధం వచ్చింది. మంచుకొండల్లో ఎక్కడో పట్టుబడ్డాడని లారీవాళ్ళ నోట కబురు తెలిసింది. యుద్ధం ముగిసింది, పట్టుబడినవాళ్ళు తిరిగొచ్చారు, దామోదరం రాలేదు. ఇక్కడ దమయంతి కొడుకును కన్నది.

వీధి నోరు ఊరుకుంటుందా? అక్కడే ఎవర్నో కట్టుకుని ఉండిపోయాడంది. బళ్ళో పిల్లలు కోటిలింగాన్ని "చైనా కోటి" అన్నారు. చూలై బజారులో పాతవాళ్ళకు ఇప్పటికీ అతను చైనా కోటే. వయసొచ్చాక ఒకసారి రోషం కొద్దీ పటాలం వాళ్ళకు రాసి అడిగితే, పి. దామోదరం అనే మనిషే మా దగ్గర లేడు పొమ్మన్నారు. పాపం, అతనికేం తెలుసు! పోలిశెట్టి వాళ్ళింటి మనిషి గనక 'పి' అని రాశాడు. చేర్చుకున్న గుమాస్తా ఏమో మెడ్రాసు అలవాటు ప్రకారం తండ్రి పేరు చెంగయ్య అని అడిగి 'సి. దామోదరం' అని రాసుకున్నాడు. ఇంటిపేరుకూ ఇనీషియలుకూ మధ్య ఒక మనిషి మాయమైపోయాడు. ఆ జవాబు చూసిన రోజు నుంచి కోటిలింగానికి తండ్రంటే అబద్ధాలాడి పారిపోయినవాడే.

మొన్న శుభలేఖల దగ్గర ఆ పుండు మళ్ళీ రేగింది. తాత పేరు ముందు 'కీ.శే.' వేయించాలన్నాడు కోటిలింగం. "ఆయన పోయినాడని నీకెవరు చెప్పినారు?" అంది దమయంతమ్మ. అది లేకుండా వేస్తే ఆయన ఎక్కడున్నాడని నలుగురూ అడుగుతారన్నాడు కొడుకు. చివరికి తాత పేరే లేకుండా శుభలేఖ అచ్చయింది. ఆ కోపంతోనే ఆశ వెతకడం మొదలుపెట్టింది. మెడ్రాసు బడిలో తండ్రి పేరునే ఇనీషియలుగా రాసుకున్న పిల్ల గనక ఇనీషియలు సంగతి తనకు ఇట్టే తట్టింది. పాత సిపాయిల సంఘాల వాళ్ళను అడిగి అడిగి ఎన్నూరు దాకా వచ్చింది.

"పోతే పోండి," అన్నాడు కోటిలింగం లేస్తూ. "ఆడ ఏం తెలిసినా నా చెవిన మాత్రం వేయొద్దు."

మంగ కూతురి వెంట బయల్దేరింది. పెళ్ళి పనులు నెత్తిన పెట్టుకుని ఎన్నూరు పోవడమేమిటని ఆమెకూ విసుగ్గానే ఉంది. అయినా అత్త ముఖం గుర్తొచ్చి కాదనలేకపోయింది. ఎనభై దాటిన ఆ మనిషి నుదుట ఇప్పటికీ పావలా కాసంత కుంకుమ బొట్టు ఉంటుంది. అది చూసి పేరంటాల్లో తాంబూలం ఇచ్చేవాళ్ళ చెయ్యి ఒక్క క్షణం తటపటాయిస్తుంది. ఆ తటపటాయింపు కనబడకముందే దమయంతమ్మ తనే లేచి, "నాకు కాళ్ళు లాగతాండాయమ్మా," అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయేది. ముత్తైదువల్లో లేదు, కానివాళ్ళలో లేదు. ముప్పై ఏళ్ళుగా మంగ ఇది చూస్తూనే ఉంది, ఒక్కనాడూ ఏమీ అనలేకపోయింది. ఇప్పుడు ఆశ, పసుపు దంచే రోజున మొదటి పోటు అవ్వే వేయాలని పట్టుబట్టి కూర్చుంది.

ఎన్నూరులో దొరస్వామి ఇల్లు లారీలు పోయే రోడ్డు పక్కనే. కిటికీ మూసినా బూడిద రంగు దుమ్ము మంచం మీద పడుతూనే ఉంది. ముసలాయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. షీబా టీ తెచ్చిచ్చి, మామగారి భుజం మీద తువ్వాలు సర్ది, పక్కనే నిలబడింది.

"నువ్వేనా మనవరాలు? ముక్కు వాడిదే," అన్నాడు ఆశను చూసి. ఆ మాటకే ఆయన కళ్ళు నిండాయి.

ఆ తర్వాత చెప్పిందంతా ఆగి ఆగి చెప్పాడు. పైకి తిండీ మందుగుండూ చేర్చే లారీలు వాళ్ళవి. వెనక్కి వచ్చేయమని హుకుం వచ్చేసరికి దారి తెగిపోయింది. "లారీలు వదిలేయండి, నడవగలిగినోళ్ళు నడిచి పోండి అన్నారమ్మా. నాకు తొడలో దెబ్బ. నేను లేవలేను. వాడికి ఒంటి మీద గీత గూడా లేదు. పోరా రేయ్, నీ పెళ్ళాం కడుపుతో ఉండాదంటివి గదా, పో అన్నా. పోలా. నన్ను వీపు మీద ఏసుకున్నాడు. ఎంత దూరం మోస్తాడు? సాయంత్రానికి చుట్టేసినారు. నేను లేకపోతే వాడు పట్టుబడేవాడే కాదు."

మంగ చేతిలో టీ చల్లారిపోయింది.

"మఠం మాదిరి ఒక పాత ఇంట్లో పెట్టినారు. ఆ చలి మన మెడ్రాసోళ్ళ ఒళ్ళు తట్టుకునే చలి గాదు. నా పుండు మానింది, నేను లేచి తిరిగినా. వాడికి సంక్రాంతి పొయ్యి తై నెల దాటినాక రొమ్ము పట్టేసింది. పడుకోలేడు, కూర్చోలేడు. నా ఒళ్ళోనే పోయినాడు. నిప్పు పెట్టుకుంటాం సామీ అని అడిగితే ఒప్పుకోలా. మట్టిలోనే పెట్టినాం."

ఆశ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మంగకు మాత్రం ఏడుపు రాలేదు, ఒళ్ళు మండుకొచ్చింది. "మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా? మా అత్త అరవై ఏళ్ళు వాకిలి చూస్తా కూర్చున్నది. ఒక్కసారి చూలై రాలేకపోయినావా?"

"రాలేదని ఎవరన్నారు తల్లీ?" అన్నాడు ముసలాయన. "విడిచిపెట్టినాక మొట్టమొదట మీ ఇంటికే వచ్చినా. గుమ్మానికి మావిడాకులు కట్టుండాయి. లోపల పాటలు. పసిబిడ్డకు పేరు పెట్టే రోజంట. దామోదరం వాళ్ళమ్మ వాకిట్లోకి వచ్చింది. నేను నోరు తెరవలా, నా మొహం, ఒంటి మీద పటాలం గుడ్డలు జూసే తెలుసుకున్నది. చెయ్యి పట్టుకోని పక్క సందులోకి లాక్కొనిపొయ్యింది. 'పచ్చి బాలింతరాలు నాయినా, పాలు ఎండిపోతే బిడ్డ దక్కడు. ఈ శుభం కానీ, తరవాత నేనే చెప్తా. నువ్వు మళ్ళా ఈ గడప తొక్కొద్దు' అని నా కాళ్ళు పట్టుకున్నది. కన్నతల్లి కాళ్ళు పట్టుకుంటే నేనేం జేసేది? పోయినా. చెప్పింటాదనే అనుకున్నా ఇన్నాళ్ళూ."

చెప్పలేదు. ఆ తల్లి తర్వాత కొన్నేళ్ళకు కన్ను మూసింది. ఇంటికి పటాలం నుంచి ఏ కాగితమైనా వచ్చిందో, వస్తే ఏం చేసిందో, అదంతా ఆమెతోనే పోయింది.

తిరుగు ప్రయాణంలో ఆటో వ్యాసర్పాడి దాటింది. అప్పుడు మంగకు మరో భయం పట్టుకుంది. ఇంటి పురోహితులకు ఫోను చేసి, మా చుట్టాల్లో ఒకరికి అని అబద్ధం ఆడి అడిగింది. ఆయన తడుముకోకుండా చెప్పేశాడు. ఎప్పుడో పోయిన మనిషి కబురు ఏడాది దాటాక తెలిస్తే మిగతావాళ్ళకు తలస్నానంతో సరి. కొడుక్కీ భార్యకీ మాత్రం అలా కాదు, ఎన్నేళ్ళ తర్వాత విన్నా విన్న రోజు నుంచే పది రోజులు మైల. ఆ పది రోజుల్లో ఆ ఇంట్లో శుభకార్యం జరగడానికి వీల్లేదు.

మంగ ఫోను పెట్టేసి కూతురి వైపు తిరిగింది. "విన్నావు గదా. మీ అప్పా, మీ అవ్వ. ఈ ఇద్దరి చెవిన పడిందంటే నీ పెళ్ళి ఆగిపోతాది. మగపెళ్ళివాళ్ళకు మొహం ఎట్టా చూపించేది?"

"అందుకని అవ్వకు చెప్పవా మా? పావం మా, ఎన్నేళ్ళు…"

"చెప్పనని ఎవరన్నారే? చెప్తా. పెళ్ళి కానీ. అంతదాకా నోరు మూసుకోనుండు."

ఇంటికి రాగానే ఇద్దరూ తలస్నానాలు చేశారు. దమయంతమ్మ జుట్టు ఆరబెట్టుకుంటున్న కోడల్ని అదోలా చూసింది. "ఇదేందే మంగా, శుక్రవారం గాదు ఏం గాదు?"

"ఎన్నూరు దుమ్ము అత్తా. నెత్తంతా బూడిదే."

"పొద్దున మీరు మాట్లాడుకునింది నాకు వినపడిందిలే. ఏమన్నాడు ఆ పెద్దాయన?"

మంగ జుట్టు ముందుకు వేసుకుని ముఖం దాచుకుంది. "ఆయనకు ఏదీ సరిగా జ్ఞాపకం లేదత్తా."

"అట్టనా," అని ఊరుకుంది దమయంతమ్మ.  పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి అత్తతో ఎన్నోసార్లు పోట్లాడింది గానీ, ముఖం మీద అబద్ధం ఆడటం ఇదే మొదలు.

కోటిలింగం సంగతి ఇంకా ఘోరం. ఏమీ చెప్పొద్దన్న మనిషే మర్నాడు బజారు దుకాణంలో మంగ సద్ది క్యారియరు దించుతుంటే మెల్లగా దగ్గరికి వచ్చాడు. "అంతా చెప్పొద్దు. ఒక్కటే చెప్పు. బతికుండాడా?"

"మీరు వినకూడదు," అంది మంగ గాభరాగా.

అతని ముఖం పాలిపోయింది. "వినకూడదంటే విన్నట్టేనే పిచ్చిదానా!" అని చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "వొద్దు. ఇంకొక్క మాట అనొద్దు. నేనేం వినలా. నువ్వేం చెప్పలా."

అప్పటి నుంచి అతను ఇంట్లో చెవులు దాచుకుని తిరగడం మొదలుపెట్టాడు. ఆశ నోరు తెరిస్తే చాలు, మెట్లు దిగిపోయి మిషను వేసేవాడు. ఆర్డర్లు లేకపోయినా మిషను తిరిగేది. దమయంతమ్మ మంచం మీద కూర్చుని కొడుకునూ కోడలినీ మార్చి మార్చి చూసేది. ఆమె ఏమీ అడగలేదు. అడగకపోవడమే మంగకు మరీ కష్టంగా ఉండేది.

పసుపు దంచే రోజు రానే వచ్చింది. ఆ పొద్దున మిషనుకు సెలవు. హాలు మధ్యలో ముగ్గు పెట్టి రోలు దించారు. రోకలికి పసుపు కొమ్ములూ మామిడాకులూ కట్టారు. పెళ్ళికొడుకు సాయి తేజ తల్లిదండ్రులు నావలూరు నుంచి కారులో బయల్దేరామని ఫోను చేశారు. వాళ్ళు వచ్చేలోగా ఇంటివాళ్ళు మొదటి పోటు వేసి ఉంచాలి.

ఆశ అవ్వకు ఆకుపచ్చ పట్టుచీర కట్టి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "అవ్వ వేయకపోతే నేను ఈ పసుపు పూసుకోను. ఈ మాట ముందే చెప్పినా," అంది తండ్రి వైపు చూస్తూ. కోటిలింగం గోడకేసి చూశాడు.

దమయంతమ్మ ముఖం వెలిగిపోతోంది. ఇన్నేళ్ళలో ఎవరూ ఆమెను రోలు ముందుకు పిలవలేదు. కొంగు నడుముకు దోపుకుని, రెండు చేతులతో రోకలి పట్టుకుని, ఎత్తింది. అంతే, మంగ చెయ్యి తనకు తెలియకుండానే ముందుకు పోయింది. రోకలిని గట్టిగా పట్టుకుంది.

"అత్తా… కాసేపు ఆగండి."

 తనేం చేసిందో మంగకు తెలిసొచ్చేసరికి ఆలస్యమైపోయింది. తెలిసీ ఎట్లా వేయించడం? రేపు నిజం బయటపడితే, మీకు ముందే తెలుసునా అని వియ్యపురాలు అడిగితే? అదీ ఆమె భయం. కానీ ఆ భయం సంగతి దమయంతమ్మకేం తెలుసు!

"ఎవరో ఒకరు నా చెయ్యి ఆపతారని ఇన్నేళ్ళూ నేనే ముందుగా తప్పుకుంటా వచ్చినా," అంది దమయంతమ్మ నెమ్మదిగా. "ఆపేది నువ్వని మాత్రం అనుకోలా మంగా."

"అట్టా కాదత్తా…"

"మరెట్టా? ఎన్నూరు పోయొచ్చినప్పటి నుంచి నువ్వు నా నుదురు చూడలేదు. నేను చూస్తే తల తిప్పుకుంటాండావు. వాడేమో కింద మిషను కాడ దాక్కుంటాండాడు. నేను గుడ్డిదాన్ని గాదు. నీకేదో తెలిసింది. చెప్పు."

కోటిలింగం చటుక్కున లేచాడు. "అమ్మా, ఇప్పుడొద్దు. వాళ్ళు దారిలో ఉండారు. ఈ శుభం కానీ, తరవాత చెప్పుకుందాం," అంటూ మెట్ల వైపు నడిచాడు.

ఆ మాట మంగకు తగిలింది. ఈ శుభం కానీ! సరిగ్గా అదే మాట. ఎన్నూరులో విన్నప్పుడు ఆ ముసలి తల్లిని ఎంత తిట్టుకుంది! ఆటోలో తన నోట వచ్చింది మాత్రం ఏమిటి? పేరు పెట్టడం అయ్యాక అనుకున్న మాట అరవై రెండేళ్ళు నోరు దాటలేదు. పెళ్ళయ్యాక సీమంతం వస్తుంది, ఆ తర్వాత బారసాల వస్తుంది. శుభాలకు కరువా? ఎనభై దాటిన మనిషి దగ్గర ఇంకెన్ని శుభాలు అయ్యేదాకా ఆగాలి?

"ఆగండి!" అని అరిచింది. ఆ అరుపుకు తనే ఉలిక్కిపడింది. "మీ నాయినమ్మ గూడా ఇదే మాట అన్నది. మీకు పేరు పెట్టే రోజున, ఇదే వాకిట్లో, ఇదే మాట. మీరు కిందికి పొయ్యి మిషనేసుకుంటే ఏసుకోండి. నేను మాత్రం అత్తకు చెప్పాల్సిందే. ఇంక నావల్ల గాదు."

కోటిలింగం మెట్ల కటకటాలు పట్టుకుని ఆగిపోయాడు. దమయంతమ్మ రోకలిని గోడకు ఆనించి, చేతులు కొంగుకు తుడుచుకుని, నేల మీద కూర్చుంది. ఆమెకు సగం అర్థమైంది. కొడుకు వైపు తిరిగి అంది: "నాకు పద్ధతి తెలుసురా. నువ్వు వింటే నీ కూతురి పెళ్ళి ఆగతాది. నువ్వు పో. నా మటుకు నేను వింటా. ఎవరడిగినా, ఈ ముసిల్ది ఏమీ వినలేదని చెప్పు."

"నువ్వు వింటే మాత్రం ఆగదా అవ్వా?" ఆశ ఏడుస్తూ వచ్చి ఆమె పక్కన కూలబడింది. "ఆగనీ. ఆయన పేరు లేని శుభలేఖతోనే పెళ్ళి జరగాలని నాకేం లేదు."

కోటిలింగం అటూ ఇటూ చూశాడు. ముందు మెట్లు, వెనక తల్లి. చైనా కోటి, చైనా కోటి అని బడి గేటు దాకా తరిమిన పిల్లల అరుపులు ఆ మనిషి చెవుల్లో ఇంకా ఉన్నాయి. అంతకంటే చెడ్డ మాట ఇంకేం వింటాడు? వచ్చి తల్లికి ఆనుకుని కూర్చున్నాడు.

"చెప్పు మంగా."

మంగ చెప్పింది. ఏదీ దాచలేదు. లారీలు వదిలేయమన్నది, నడవగలిగీ నడిచి పోనిది, స్నేహితుణ్ణి వీపు మీద మోసింది, చలి, రొమ్ము పట్టేయడం, నిప్పు పెట్టనీయకపోవడం, అన్నీ చెప్పింది. 

 అంతా విన్నాక దమయంతమ్మ, "నేను కడుపుతో ఉన్న సంగతి ఆయనకు తెలుసునా?" అని అడిగింది.

"తెలుసత్తా. తెలిసే ఉండిపోయినాడు. ఆయన ఎవర్నీ కట్టుకోలా. యాడికీ పారిపోలా."

"నాకు తెలుసు. ఈ చూలైకే తెలీదు." ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి. "మా అత్తకు తెలిసింది వీడికి పేరు పెట్టే రోజునా?"

"ఆ రోజే."

అప్పుడు చూడాలి ఆమె ముఖం. "ఆ పొద్దు నుంచే," అంది నోటి మీద చెయ్యి వేసుకుని. "ఆ పొద్దు నుంచే రోజూ నన్ను ఎదురుగా కూచోబెట్టుకోని ఆమె చేత్తో కుంకం పెట్టేది. నేను పెట్టుకుంటా అత్తా అన్నా భరిణె ఇచ్చేది గాదు. కొడుకు వస్తాడని ఆశతో పెడతాండాదనుకున్నా. పోయినాడని తెలిసీ పెట్టిందా! కన్నబిడ్డ పోతే నోరారా ఒక్కసారి గూడా ఏడవకుండా, నాకు బొట్టు పెట్టి, నా ఎదుటే కూచుని సద్ది తినిందా! ఎట్టా మోసినావే తల్లీ…"

మొగుడి చావుకు రాని ఏడుపు అత్త కోసం వచ్చింది. దమయంతమ్మ నేలకు తల ఆనించి ఏడ్చింది. మంగ ఆమెను రెండు చేతులా పట్టుకుంది, పట్టుకుని తనూ ఏడ్చింది.

ఆ ఏడుపుల మధ్యే ఫోను మోగింది. పెళ్ళికొడుకు తండ్రి వెంకట్రావు. కోటిలింగం తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతలి గొంతు మంగకూ వినబడుతూనే ఉంది.

"బావగారూ, ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయామండీ. ఇంకో అరగంట పట్టేట్టుంది. ఏమనుకోకండి."

"బావగారూ… మా నాయిన పోయినాడండీ."

"అయ్యయ్యో! అదేంటండీ, ఎప్పుడు?"

"అరవై రెండేళ్ళయింది," అన్నాడు కోటిలింగం. "నేనిప్పుడే విన్నా."

 కోటిలింగం తడబడుతూ, ముందుది వెనకా వెనకది ముందూ చేసి ఎలాగో చెప్పాడు. "వచ్చే వారం పెళ్ళి జరగదండీ. మైల. మండపానికి, మీ చుట్టాలకు అందరికీ నేనే చెప్పుకుంటా. మీరు ఏమన్నా పడతా. పిల్లను మాత్రం వొద్దనొద్దండీ."

వెంకట్రావు వెంటనే అందుకున్నాడు. "ఎంత మాటండీ బావగారూ! నాన్నగారు పోతే మిమ్మల్ని మేం అనేదేంటి? ముహూర్తాలకేం, ఇంకోటి పెట్టుకుందాం. మా వాడికి నేను చెప్తాను. బండి వెనక్కి తిప్పట్లేదండోయ్, అటే వస్తున్నాం. పసుపు దంచడానికి కాదులెండి. అమ్మగారిని పలకరించడానికి."

కోటిలింగం ఫోను దించి తల్లి వైపు చూశాడు. వచ్చేవాళ్ళంతా ఆమె నుదుటినే చూస్తారని అతనికి తెలుసు. "అమ్మా, నీ బొట్టు…" అన్నాడు.

దమయంతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. బొట్టు జోలికి పోలేదు. "పది రోజులూ పద్ధతి ప్రకారం జరిపిస్తా. ఏ లోటూ రానీను. ఇది మాత్రం మా అత్త పెట్టింది. అన్నీ తెలిసి పెట్టింది. తీయమనే హక్కు ఆమెకొక్కదానికే ఉండాది. ఆమె తీయమనలా."  మంగ అత్త నుదుటి వైపు సూటిగా చూసింది, చెదిరిన కుంకుమను వేలితో సరిచేసింది.

తండ్రి చావు విన్న కొడుకు కట్టుబట్టలతోనే స్నానం చేయాలి. కోటిలింగం పెరటి కొళాయి దగ్గర, పసుపు దంచడానికని కట్టుకున్న కొత్త పంచెతోనే పీట మీద కూర్చున్నాడు. మంగ చెంబుతో నీళ్ళు ముంచి అతని తల మీద పోసింది. మొదటి చెంబుకు ఏమీ లేదు. రెండో చెంబుకు భుజాలు ఎగిసిపడ్డాయి.

"నాయినా," అన్నాడు.

ఆ మాట బజారులో రోజుకు వందసార్లు వాడే మనిషే, మూటలు మోసేవాణ్ణీ కాఫీ తెచ్చేవాణ్ణీ అందర్నీ నాయినా అనే పిలిచే మనిషే. కానీ ఆ మాటతో తన తండ్రిని పిలవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. "నన్ను చూడకుండానే పోయినావా నాయినా! నేను నిన్ను ఎన్ని మాటలన్నా నాయినా!" అని అరవై రెండేళ్ళ ఆ మనిషి కొళాయి కింద చిన్నపిల్లవాడల్లే బావురుమన్నాడు. మంగ ఆపలేదు. ఇంకో చెంబు ముంచింది.